శనక్కాయల పరదా

నా మొగుడి అన్న, మా బావ జయరాముడి భార్య పేరు రామలక్ష్మమ్మ. అనంతపురంలో కాపురం పెట్టిన ఏడాదికే ఆ పేరు ఆమెకు మోటుగా తోచింది. రమ అయింది. ఒక వారపత్రికలో ఆడవాళ్ళ పేజీకి రాయడం మొదలుపెట్టాక రమా జయరామ్ అయింది. కొద్దిపాటి ఖర్చుతో ఇల్లు ఎలా అలంకరించుకోవచ్చో, పాత చీరను కొత్త ఫ్యాషన్‌గా ఎలా మార్చుకోవచ్చో, ఇంట్లో ఉన్న సరుకులతోనే హోటలు భోజనం ఎలా వండొచ్చో లోకానికి నేర్పేది. మా బావ ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఆ సంగతి మాత్రం ఎక్కడా రాసేది కాదు.

ఆమె పుట్టిల్లు యాడికి అనే ఊరు. పుట్టింది యాడికిలో అయినా, నోరు తెరిస్తే ‘ఎక్కడికి’ అనేది. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ మాదిరి మాట్లాడేది. నా పేరు ఆంజినమ్మ అయితే నన్ను అంజూ అని పిలిచేది. మా అత్త కదిరమ్మను ‘అత్తయ్యా’ అని సాగదీసేది. అలా పిలిచినప్పుడల్లా మా అత్త మొహం వెలిగిపోయేది. నేను ఇన్నేళ్ళుగా ‘అత్తా’ అంటూ ఆమె కాళ్ళు పిసికినా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు.

ఎనభైల మధ్యలో ఒక ఎండాకాలం ఆమె మా ఇంటికి దిగింది. మాది కళ్యాణదుర్గం నుంచి ఉరవకొండ పోయే దారిలో చిన్న ఊరు. వరసగా రెండేళ్ళు వానలు పడలేదు. నేనూ నా మొగుడు ఎర్రిస్వామీ పొద్దున లేస్తే రోడ్డుకు మట్టి మోసే కరువు పనికి పోతున్నాం. అట్లాంటప్పుడు ఆమె కత్తెర, దారాలు, రంగు డబ్బాలు ఉన్న పెట్టెతో బస్సు దిగి, వాకిట్లో నిలబడి, మా మట్టి మిద్దెను కిందికీ పైకీ చూసింది. సంతలో మేకను కొనేవాడు చూసినట్టు చూసింది.

“అంజూ, ఈ ఇంట్లో ఎంత అందం దాగి ఉందో మీకు తెలియదు” అంది.

“దాగుంటే దాగనీలే అక్కా. ముందు కాళ్ళు కడుక్కో. ఆ చెంబులో నీళ్ళే ఉండాయి, చూసి పోసుకో.”

ఆమె కాళ్ళు కడుక్కుంది, మొహం కడుక్కుంది, మెడ కడుక్కుంది, ఇంకో చెంబు అడిగింది. ఆ నీళ్ళు ఊరవతల బోరింగు దగ్గర వరసలో నిలబడి నేను తెచ్చినవి.

సంగతేమిటంటే, ఆమె రాసే పత్రిక వాళ్ళు ‘పల్లెటింట్లో పొదుపైన అందం’ అని ఫోటోలు వేస్తామన్నారట. అనంతపురంలో ఆమె ఉండేది మోరీ పక్కన రెండు గదుల అద్దె కొంప. ఫోటోకు అది పనికిరాదు. అందుకని ఎన్నడూ పండక్కి కూడా రాని అత్తగారిల్లు గుర్తొచ్చింది.

“డబ్బులుంటేనే స్టైల్‌గా బతకాలని లేదు అంజూ. మనసుండాలి. ఉన్నదాన్ని ఎలా వాడుకోవాలో తెలిసుండాలి.”

“ఉండేది ఏముందక్కా ఈడ వాడుకునేకి?”

“అదే నేను చూపిస్తాను” అని నవ్వింది.

ఎర్రిస్వామికి చెప్తే, “పోనీలే అమ్మే. వదిన నాల్గు దినాలుండి పోతాది. ఆయమ్మ ముచ్చట ఆయమ్మది” అన్నాడు. నా మొగుడికి వదిన అంటే భక్తి. చదువుకున్న మనిషి, పేరు అచ్చులో పడిన మనిషి. ఆమె ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు కూడా కాదు.

మేము పనికి పోయి సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంట్లో రోజూ ఏదో ఒకటి మారి ఉండేది. ఒక రోజు చాటకు ఎర్రరంగు పూసి గోడకు తగిలించింది. ఇంకో రోజు నా మొగుడి చెర్నాకోలలు రెండూ తలుపు పైన అడ్డదిడ్డంగా కొట్టింది. మంచి గోనె సంచి కోసి, అంచులకు ఊలు కుట్టి నేల మీద పరిచి, దాన్ని తొక్కకుండా పక్కనించి నడవమంది. డాల్డా డబ్బాల్లో క్రోటన్ కొమ్మలు నాటింది. వాటికి పొద్దునా సాయంత్రం నీళ్ళు. కిటికీకి కట్టిన గుడ్డ నిలబడాలని గంజి పెట్టింది. ఆ గంజి మేము ఉప్పేసుకుని తాగేది.

గొర్రు మీద పెట్టి విత్తనం పోసే కొయ్యగిన్నె, దాన్ని జడ్డిగం అంటాం, దానికి వెండి రంగు కొట్టి అందులో కాగితం పూలు గుచ్చింది.

“వదినా, అది మళ్ళా కావల్ల” అన్నాడు ఎర్రిస్వామి మెల్లగా.

“వాన పడినప్పుడు కదా. ఎక్కడుంది వాన?”

అతను నవ్వి ఊరుకున్నాడు. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది.

అన్నీ చెడ్డగా ఉన్నాయని చెప్తే అబద్ధమవుతుంది. మా అత్త పెళ్ళినాటి ధర్మవరం చీర చీకిపోయి మూలన పడి ఉంటే, దాని జరీ అంచు విప్పి, ఒక మామూలు వాయిల్ చీరకు కుట్టి కట్టుకుంది. చూడ్డానికి బాగుంది. కొత్త పట్టుచీర మాదిరే ఉంది. మా అత్త ఆ అంచును పట్టుకుని చూసుకుని మురిసిపోయింది. ఆ చీర తన ఒంటి మీద కాక కోడలి ఒంటి మీదుందన్న ధ్యాసే ఆమెకు లేదు. తెల్లారేసరికి ఆ అత్తయ్యకే తలకు బన్ను పెట్టి, మొహానికి పౌడరు రాసి, చేతులకు కుచ్చులున్న రవిక తొడిగింది. “మీరు పత్రికలో పడతారు అత్తయ్యా” అంది. ఆ మాట విన్నప్పటి నుంచి మా అత్త పొయ్యి ముందుకు రాలేదు. పౌడరు పోతుందని.

పక్కింటి భద్రమ్మ ఒకసారి తొంగి చూసి పోయింది. బోరింగు దగ్గర నాతో, “ఏమే ఆంజినమ్మా, మీ ఇల్లు నాటకాలాడే పందిరి మాదిరి ఉండాది. రాజు వేషం ఎవరిది, మీ ఎర్రిస్వామిదా?” అంది. బిందె ఎత్తుకుని వచ్చేశాను. నాకూ అట్లనే అనిపిస్తోంది మరి.

ఫోటోల వాళ్ళు వచ్చే ముందురోజు సాయంత్రం, తల మీద మట్టి దులుపుకుంటూ ఇంటికి వచ్చాం. వాకిలికి బంగారు రంగు పరదా వేలాడుతోంది. తలుపు నిలువునా, దారాలకు గుచ్చి, వరస పక్కన వరస. అప్పట్లో పట్నంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకు పూసల పరదాలు కట్టేవాళ్ళు, అట్లాంటిది. ఎండ పడి తళతళలాడుతోంది. లోపలికి పోదామని చేత్తో తప్పించాను. చేతికి తగిలాక తెలిసింది. శనక్కాయలు.

మా ఇంట్లో శనక్కాయలు ఒకే ఒక మూట ఉన్నాయి. పోయినేడు చేను ఎండిపోగా దక్కిన కాయల్లో నేనూ అత్తా కూర్చుని గట్టి కాయ, నిండు కాయ ఏరి విత్తనానికి పెట్టుకున్న మూట. లోపలింట్లో బండ మీద, వేపాకు వేసి, మూతి కుట్టి పెట్టాం. చలికాలంలో ఇంట్లో సంగటికి పిండి లేని రోజులొచ్చాయి. అప్పుడు కూడా ఎవరమూ ఆ మూట వైపు చూడలేదు.

లోపలికి పోయాను. మూతి కుట్టు కత్తెరతో శుభ్రంగా కత్తిరించి ఉంది. గోతం నేల మీద మడతలు పడి ఉంది. ఎత్తి చూశాను. అడుగున వేపాకు ఉంది, కాస్త దుమ్ము ఉంది. గోతాన్ని మడిచి బండ మీద పెట్టాను.

“అత్తా, కాయలేవి?”

మా అత్త పౌడరు మొహంతో గోడ వైపు చూసింది. “జయరాముడు కొనిస్తాడంటలే. కళ్యాణదుర్గంలో దొరకవా ఏమి.”

“అన్నీ పరదాకే వాడలేదు అంజూ” అంది అక్క, రోట్లో ఏదో నూరుతూ. “కొన్ని వేయించి బర్ఫీ చేస్తున్నా. మిగిలినవి బుట్టల్లో సర్దాను. ఫోటోగ్రాఫర్ గారికి, ఎడిటర్ గారికి, ఆఫీసు లేడీస్‌కి. పల్లె కానుక అని. ఒక్క పైసా ఖర్చు లేదు చూడు.”

“అవి విత్తనాలక్కా.”

“కాయలే కదా. నువ్వు మరీ సెంటిమెంటుగా ఆలోచిస్తావు.”

అప్పుడే ఎర్రిస్వామి కాళ్ళు కడుక్కుని వాకిట్లో నిలబడ్డాడు. పరదా దారం ఒకటి పట్టుకుని, కాయను వేళ్ళతో ఒత్తి చూశాడు. అతనికీ తెలిసింది. నేను అతని నోటి వైపే చూస్తున్నాను.

“బాగుండాదిలే వదినా” అన్నాడు.

ఆ పూట అతనికి సంగటి పెట్టేటప్పుడు నేను అతని మొహం చూడలేదు. వారం దాకా చూడలేదు.

మరుసటి రోజు ఫోటోలు తీసే ఆయనా, ఆయన వెంట మా బావా బస్సు దిగారు. బావ బెల్‌బాటం ప్యాంటు వేసుకున్నాడు. ఆ ప్యాంటు ఒకప్పుడు వాళ్ళింటి కిటికీ పరదా. నాకు బాగా గుర్తు, ఆ కిటికీ పక్కనే కూర్చుని నేను కాఫీ తాగాను. ఆ పువ్వులే మోకాళ్ళ మీద ఉన్నాయి.

అక్క పొద్దుటి నుంచి కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతోంది. పరదా దారం ఒకటి తెగి కాయలు రాలేసరికి రేడియో భాష కాస్తా ఊడిపోయింది. “యాడ పెట్టినావే ఆ దబ్బనం? కండ్లు కనపడల్యా నీకు?” అని నా మీద అరిచింది. ఫోటో ఆయన ఇటు తిరగగానే, “అంజూ, కాస్త సూది చూస్తావా” అంది.

ఆయన ఇంటిని అన్ని వైపుల నుంచీ తీశాడు. పరదా ముందర మా అత్తను కూర్చోబెట్టి తీశాడు. నన్ను బిందె నడుముకు పెట్టుకుని నిలబడమన్నారు.

“నాకు పనుండాది” అని కొట్టంలోకి పోయాను.

భోజనానికి కొర్రన్నంలో మసాలా వేసి దాన్ని బిర్యానీ అంది. సంగటిని చిన్న గిన్నెల్లో ఒత్తి, నెయ్యి చుక్క వేసి, పళ్ళెంలో పువ్వు ఆకారంలో పేర్చింది. చివర్లో బర్ఫీ వచ్చింది. డైమండు ముక్కలు, తెల్లగా, నున్నగా. కింద సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం. ఫోటో ఆయన ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

“జీడిపప్పు బర్ఫీయా మేడమ్?”

“మీకలా అనిపించిందా?” అని ఆమె తల పక్కకు వాల్చి నవ్వింది.

నాకూ ఒక ముక్క ఇచ్చింది. దాన్ని తీసుకుపోయి కొట్టంలో మా ఎద్దు నోట్లో పెట్టాను.

వాళ్ళు బుట్టలు మోసుకుని బస్సు దగ్గరికి పోతుంటే బావ వెనకే పోయాను.

“బావా, విత్తనం కాయలు ఎప్పుడు తెస్తావు?”

“తెస్తాలే ఆంజినమ్మా. జీతం రానీ” అన్నాడు. ఆ మాట నాకు చెప్తూ భార్య మొహం చూశాడు. ఆమె బస్సు కిటికీలో నుంచి చెయ్యి ఊపుతోంది, అచ్చం పెద్దమనుషులు జీపులో నుంచి ఊపినట్టు. ఆ మొగుడు కాయలు తేడని నాకు అప్పుడే తెలుసు.

అనుకోకుండా ఆషాఢం మొదట్లోనే వాన కొట్టింది. రెండేళ్ళ తరవాత మొదటి మంచి వాన. తెల్లారేసరికి ఊరంతా గొర్రు కట్టింది. నేలలో పదును ఉన్నప్పుడే విత్తనం పడాలి, ఆరిపోతే అంతే. ఎర్రిస్వామి కళ్ళు తెరవగానే కళ్యాణదుర్గం పరిగెత్తాడు. అంగళ్ళలో విత్తనం కాయలు లేవు. ఉన్నచోట చేతిలో దుడ్లు లేనివాడికి ఇవ్వలేదు. అట్నించటే అనంతపురం పోయాడు. బావ ఆఫీసు మెట్ల మీదే నిలబెట్టి, “వచ్చే నెల చూద్దాంలేరా” అన్నాడట. వదిన ఇంట్లో ఉందట గానీ, పత్రికకు ఏదో రాసుకుంటోందని అతను పోయి కదిలించలేదు.

మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చి కొడవలి తీసుకుని పరదా కోశాడు. ఇద్దరం నేల మీద కూర్చుని ఒలిచాం. ఒక్కో కాయకూ దబ్బనం ఈ పక్కనించి ఆ పక్కకు పోయి ఉంది. లోపల గింజ చీలి ఉంది, లేదా రంగు లోపలికి ఇంకి గింజకు అంటి ఉంది. మా అత్త కూడా వచ్చి కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. పొద్దెక్కేసరికి దెబ్బ తగలని గింజలు రెండు దోసిళ్ళు తేలాయి. చేనుకు రెండు దోసిళ్ళు ఏ మూలకు.

ఎర్రిస్వామి గోడ మీది జడ్డిగం దించాడు. దాని బొక్కల్లో రంగు గడ్డకట్టి ఉంది. చీపురు పుల్లతో ఒక్కొక్క బొక్కా తోడుతూ కూర్చున్నాడు. విత్తనం లేకుండా జడ్డిగం ఎందుకని నేను అడగలేదు. చుట్టూ చేలల్లో ఎద్దుల్ని అదిలించే కేకలు వినిపిస్తున్నాయి. మూడో నాటికి పదును ఆరిపోయింది. ఆ రెండు దోసిళ్ళ గింజలూ నేను వేయించాను. ముగ్గురం పంచుకుని తిన్నాం.

ఆ తరవాత వాన మళ్ళీ రాలేదు.

ఊళ్ళో అందరి చేలూ మొలకెత్తాయి, పూత పట్టాయి, కాయ కట్టే ఊడ నేలలోకి దిగే వేళకు నీళ్ళు లేక ఎండిపోయాయి. భద్రమ్మ వాళ్ళ చేనులో కాయ పట్టలేదు. ఎవరి చేనులోనూ పట్టలేదు. వాళ్ళంతా ఎండిన చెట్టునే పీకి, మోపులు కట్టి ఇంటి ముందర వామి వేసుకున్నారు. కాయ లేకపోయినా ఆ కట్టె మేతకు ఉంటే ఎండాకాలం దాకా ఎద్దులు బతుకుతాయి. మా ఇంటి ముందర వామి లేదు. మా ఎద్దులు మిద్దె మీది పాత బోదగడ్డి కూడా తినేశాయి. వాటి పక్కటెముకలు కనబడుతున్నాయి. ఎవరినైనా మేత అడుగుదామంటే, ఆ ఏడు ఎవరికీ ఇంకొకరికి ఇచ్చేంత లేదు.

ఉరవకొండ సంతలో ఎర్రిస్వామి వాటిని అమ్మాడు. పలుపుతాళ్ళూ మెడ గంటలూ చేతిలో పట్టుకుని నడిచి వచ్చాడు. గంటల్ని కొట్టంలో ఎద్దుల్ని కట్టే గూటానికి తగిలించాడు.

ఆ వారంలోనే అక్కా బావా వచ్చారు. అక్క చేతిలో పత్రిక. రెండు పేజీల నిండా మా ఇల్లు. మా అత్త నడిమధ్య కూర్చుని ఉంది. కింద ‘కరువు సీమలో కళాత్మక జీవనం’ అని పెద్ద అక్షరాలు. దానికి ఆమెకేదో బహుమతి కూడా వచ్చిందట. మా అత్త పత్రిక లాక్కుని తన మొహం మీద వేలు పెట్టి చూసుకుంది. ఎద్దులు పోయిన వారమే అది. ఆ కాగితం చింపి గోడకు అంటించమంది. మా అత్త చనిపోయేదాకా అది అక్కడే ఉంది, వచ్చినవాళ్ళందరికీ చూపించేది. నేను పీకలేదు. దాని మీద చెయ్యి వేయడమే నాకు అసహ్యం.

అక్క అరుగు మీద కూర్చుని మా చేను సంగతి విన్నది. విని, తల పంకించింది.

“చూశావా అంజూ, ఆలోచించి చూస్తే మంచే జరిగింది. విత్తి ఉంటే ఆ కాయలన్నీ మట్టిలో కలిసిపోయేవి. నేను వాడాను కాబట్టి నలుగురూ తిన్నారు, నలుగురూ చూశారు. ఏదీ వృథా చేయకూడదనేది అందుకే.”

నేను భద్రమ్మ ఇంటి ముందున్న వామి చూపించాను.

“అది ఏమో తెలుసా అక్కా?”

“ఎండుగడ్డేగా.”

“అదే మా ఎద్దులు.”

ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే మనిషి కాదని తెలిసీ చెప్పినందుకు నా మీద నాకే రోత పుట్టింది. బావకు అర్థమైంది. అతను ఈ ఊళ్ళో పుట్టినవాడే. తల వంచుకుని ప్యాంటు మీది పువ్వులు చూసుకున్నాడు. రైతుబిడ్డ అయ్యుండి ఒక్క మాట అనలేదు. ఆమెకంటే అతణ్ణే ఎక్కువ చీదరించుకున్నాను ఆ పూట.

ఆమె లేచి, పోయేముందు ఒకసారి ఇల్లంతా తిరిగింది. కొట్టం దగ్గర ఆగింది. ఎర్రిస్వామి అక్కడే ఖాళీ గూటాల పక్కన కూర్చుని ఉన్నాడు.

“ఎర్రిస్వామీ, ఈ గంటలు ఇత్తడివా? ఎంత బాగున్నాయో. ఇవి నాకు ఇవ్వు. మా వాకిలికి కడతాను. ఎవరైనా వచ్చినప్పుడు మోగుతూ ఉంటే ఎంత స్టైల్‌గా ఉంటుంది. వీటి మీదే ఒకటి రాయొచ్చు కూడా.”

అని గూటం వైపు చెయ్యి చాచింది.

“ఇయ్యను వదినా” అన్నాడు ఎర్రిస్వామి.

గొంతు పెంచలేదు. ఆమె నవ్వింది, చిన్నపిల్లవాడి పేచీకి నవ్వినట్టు.

“ఎద్దులే లేనప్పుడు గంటలెందుకయ్యా నీకు?”

“నాకెందుకో నాకు తెల్దు. ఇయ్యను. ఇంక నువ్వు ఈ ఇంటికి రావద్దు వదినా. అన్న వస్తే రానీ.”

బావ “ఏమప్పా ఆ మాట” అని మొదలుపెట్టి ఆపేశాడు. అక్క నా వైపు తిరిగింది. నేనే నేర్పించానన్నట్టు చూసింది. నేనేమీ నేర్పలేదు. అతను అట్లా అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు.

“బస్సుకు టైమవుతాండాది అక్కా” అన్నాను. ఆమె సంచి తీసుకుపోయి వాకిట్లో పెట్టాను.

వాళ్ళు రోడ్డెక్కేదాకా నిలబడి, లోపలికి వచ్చాను. ఎర్రిస్వామి చీపురు తీసుకుని కొట్టం ఊడుస్తున్నాడు. మూల మూలా వంగి, పేడ ఎత్తే రోజుల్లో ఊడ్చినట్టే ఊడుస్తున్నాడు. నేను పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాను. చీపురు చప్పుడు చాలాసేపు వినిపించింది. అందులో ఊడ్చడానికి ఏమీ లేదు.